మొగలో జారే గేరు

మా ఇంట్లో మోటారుకు ఒక మూల ఉండేది. వంటగది గుమ్మం పక్కన, రెండు తాటి దుంగల మధ్య నిలబెట్టేవాళ్ళం. ఆ రోజుల్లో బందరు పక్కన గిలకలదిండిలో ఫైబర్ బోటు ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా అంతే. బోటు ఒడ్డున ఉంటుంది, మోటారు మాత్రం ఇంటికొస్తుంది. వేట నుంచి రాగానే దాన్ని బోటు వెనక నుంచి విప్పి, తాడు కట్టి, కర్రకు వేలాడదీసి, ఇద్దరు మనుషులు భుజాల మీద మోసుకొచ్చేవాళ్ళు. మా అమ్మ గుమ్మం ముందే బిందెడు మంచినీళ్ళు దాని మీద కుమ్మరించి ఉప్పు కడిగేది. ఆ తర్వాతే నాన్నకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు. శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టేది. దాని మీద ఎవరైనా తువ్వాలు ఆరేస్తే ఒప్పుకునేది కాదు.

అది జపాన్ మోటారు. మా చేతికి వచ్చేటప్పటికే పాతది. పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలుతో నడిచేది. పైన ఇంజను, కింద నీళ్ళలో మునిగే పొడుగాటి కాలు, ఆ కాలి చివర గేరు బాక్సు, దాని వెనక నీళ్ళను తోసే ఫ్యాను. ఇంజను పక్కన గేరు పిడి. పిడి ముందుకు వేస్తే బోటు ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి, మధ్యలో న్యూట్రల్. ఇంతకు మించి దాని గురించి మా పేటలో ఎవరూ ఆలోచించేవాళ్ళు కాదు. నడిచినంతకాలం నడిపేవాళ్ళు, ఆగితే బందరులో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు.

తొంభైల చివర్లో ఒక వేసవి తర్వాత అది ఆగకుండానే మొరాయించడం మొదలుపెట్టింది.

మా నాన్న అమరం పట్టేవాడు. బోటు వెనక భాగాన్ని అమరం అంటాం, ముందు భాగాన్ని అణియం అంటాం. మోటారు అమరంలో ఉంటుంది కాబట్టి దాని హ్యాండిల్ పట్టుకుని బోటు నడిపేవాడిని అమరం పట్టేవాడు అంటారు. తెరచాప రోజుల నుంచీ మా బోటుకు ఆ పని నాన్నదే. ఆయనకు మా పేటలో ఉన్న గౌరవమంతా ఆ చోటులోనే ఉండేది. మా దగ్గర సముద్రంలోకి వెళ్ళాలంటే మొగ దాటాలి. కాలవ సముద్రంలో కలిసేచోట ఇసుక మేటలు వేసి, లోతు తగ్గి, అలలు అక్కడే విరుగుతాయి. అమరం పట్టినవాడు ఇవతలే ఆగి అలల వరస చూసుకుని, పెద్ద అల విరిగిన వెంటనే ఇంజను పూర్తిగా తెరిచి, తరవాతి అల లేచేలోగా అవతలికి పడాలి. ఆ కాస్త దూరంలో ఇంజను మాట వినకపోతే బోటు అలకు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటు తిరగబడటానికి ఎంతోసేపు పట్టదు.

సరిగ్గా ఆ చోటే గేరు జారింది. ఇంజను ఒక్కసారిగా కీచుమని అరిచిందట, బోటు మాత్రం నిలబడిపోయిందట. అల వచ్చి పక్క నుంచి కొట్టింది. మా మావయ్య అణియంలో ఉండి తెడ్డుతో బోటు ముక్కు తిప్పకపోతే ఆ రోజు ఏమయ్యేదో. నాన్న పిడిని న్యూట్రల్‌కు లాగి మళ్ళీ ముందుకు వేస్తే గేరు పడింది, బయటపడ్డారు. కొద్ది రోజులకు మళ్ళీ అదే చోట అలాగే జరిగింది.

మా మావయ్య అంటే మా అమ్మకు తమ్ముడు, బోటులో వాటాదారుడు. నాన్నకు బావమరిది కాబట్టి ఆయన్ని వేళాకోళం చేసే హక్కు పుట్టుకతో వచ్చింది. కానీ రెండోసారి జరిగాక ఆయన మాటల్లో వేళాకోళం లేదు. ఆ మర్నాడు తానే హ్యాండిల్ పట్టి కాలవలో చాలా దూరం వెళ్ళి తిరిగొచ్చాడు. గేరు ఒక్కసారి కూడా జారలేదు. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని నాన్నతో నెమ్మదిగానే చెప్పాడు.

"మోటారుకేం లేదు బావా. నీ చెయ్యే పట్టు తప్పుతోంది. అణియంలో కూర్చుని వల చూసుకో. అమరం నేను పడతా."

నాన్న వల మరమ్మతు చేసే సూది చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "ఈ అమావాస్య పోనీరా," అన్నాడు. సరే అని మావయ్య లేచి వెళ్ళిపోయాడు. అందులో మోసం లేదు. ఆయన ప్రాణం కూడా ఆ బోటులోనే ఉంది. మిగతా వాటాదారులు కూడా ఆయన వైపే ఉన్నారు. కానీ అమరం నుంచి దిగిన మనిషి మళ్ళీ ఎక్కడం మా పేటలో నేను చూడలేదు. ఆ రాత్రి నాన్న అన్నం సగంలో వదిలేశాడు.

బందరు మెకానిక్ మోటారును నీళ్ళ డ్రమ్ములో నిలబెట్టి నడిపి చూశాడు. అక్కడా బుద్ధిగా నడిచింది. అయినా ఆయన అనుభవం కొద్దీ ఒక మాట చెప్పాడు. గేరు బాక్సు లోపల ఒకదాన్నొకటి పట్టుకునే పళ్ళుంటాయి, వాటి అంచులు అరిగి గుండ్రబడితే బరువు పడ్డప్పుడు జారతాయి, విప్పితే తేలిపోతుంది, సామాను కాకినాడ నుంచి రావాలి, సీజను అయ్యాక తీసుకురండి. ఎందుకు అరుగుతాయని నాన్న అడిగితే, అది హ్యాండిల్ పట్టినవాళ్ళ చేతి తీరును బట్టి ఉంటుందన్నాడు. ఆ మాట మావయ్య కూడా విన్నాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నా బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అప్పటి నుంచి అమ్మతో కలిసి ఎండుచేపలు అమ్మేదాన్ని. వారంలో కొన్ని రోజులు పాసింజరు బండిలో గంప పెట్టుకుని గుడివాడ వెళ్ళేదాన్ని. మధ్యాహ్నానికి సరుకు అయిపోయేది, తిరుగు బండి సాయంత్రం ఎప్పటికో. ఆ మధ్యలో ఎండలో కూర్చోలేక ఒకరోజు గ్రంథాలయం వరండాలోకి వెళ్ళాను. వరండాలోంచి లోపలికి వెళ్ళడానికి నాకు నెలలు పట్టింది. ఖాళీ గంప బయట దూరంగా పెట్టి, కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, కిటికీ పక్కన చివరి బల్ల ఎంచుకునేదాన్ని, నా దగ్గర వాసన ఉంటే అది బయటికి పోయేట్టు. మొదట వారపత్రికలు, తరవాత నవలలు, ఆ తరవాత అక్కడున్నవన్నీ. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా అక్కడే నేర్చుకున్నాను. పలకడం ఇప్పటికీ సరిగ్గా రాదు, చదివితే మాత్రం అర్థం చేసుకోగలను. నా చదువు ఎవరో పెట్టింది కాదు, నేను బల్ల ముందు కూర్చుని సంపాదించుకున్నది. ఈ మాట గొప్పగానే చెప్తాను.

అమావాస్యకు ఇంకా వారంపైన ఉండగా నేను గుడివాడ వెళ్ళి, గ్రంథాలయాధికారి గారిని పడవ మోటార్ల పుస్తకం ఏదైనా ఉందా అని అడిగాను. ఆయన నా వంక, నా గంప వంక చూసి, ఎందుకమ్మా అన్నారు. చెప్పాను. ఆయనే నిచ్చెన వేసుకుని, పైఅరలో ఇంజనీరింగు పుస్తకాల వెనక నుంచి అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం తీసిచ్చారు. ఇంటికి ఇవ్వడానికి వీల్లేదు, ఇక్కడే చదువుకోమన్నారు. ఆ వారం నేను గుడివాడకు మామూలు కంటే ఎక్కువసార్లు వెళ్ళాను.

గేరు జారడం గురించి అందులో ఉన్నది కొద్ది పేజీలే. మొదట కనిపించిన సంగతే నన్ను కుంగదీసింది. గేరును మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు వేయకూడదట. మెల్లగా వేస్తే లోపలి పళ్ళు ఒకదాని మీద ఒకటి టకటకా కొట్టుకుని, అంచులు అరిగి, కొన్నాళ్ళకు జారడం మొదలుపెడతాయట. ఇంజను వేగం తగ్గించి, ఒక్క ఊపులో టక్కున వేసెయ్యాలట. మా నాన్న గేరు ఎలా వేస్తాడో ఒడ్డున నిలబడి నేను ఎన్నోసార్లు చూశాను. నిద్రపోతున్న పిల్లను లేపుతున్నట్టు వేస్తాడు. మోటారు అంటే ఆయనకు అంత గౌరవం. అంటే మెకానిక్ చెప్పింది నిజమేనా, మావయ్య మాటే నెగ్గుతుందా అనుకుంటూ ఆ సాయంత్రం బండిలో గుడ్లవల్లేరు దాటేదాకా తల ఎత్తలేదు.

కానీ సగం చదివి నమ్మేయడం నా అలవాటు కాదు. మర్నాడు మిగతా పేజీలు చదివాను. వాటి సారం ఇది. చేతి వైపు నుంచి మొదలుపెట్టి నీటి వైపుకు రావాలి. విప్పకుండా తెలుసుకోగలిగినదంతా ముందు విప్పకుండానే తెలుసుకోవాలి. గేరు బాక్సు విప్పడం అన్నిటికన్నా చివరి పని. ఇంకొక మాట కూడా ఉంది. బరువు పడని మోటారు నిజం చెప్పదు. డ్రమ్ములో ఫ్యానుకు అడ్డం ఏమీ ఉండదు, నిదానంగా వెళ్ళే కాలవలోనూ ఉండదు. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. మావయ్య కాలవలో పెట్టిన పరీక్ష అసలు పరీక్షే కాదు.

ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను. మొగలోకి వెళ్ళకుండా మొగంత బరువు మోటారు మీద వేయొచ్చు. బోటు అమరానికి లావు తాడు కట్టి, రెండో కొస ఒడ్డున గుంజకు కట్టి, గేరు ముందుకు వేసి ఇంజను పూర్తిగా తెరవాలి. బోటు కదలదు, ఫ్యాను మీద బరువంతా పడుతుంది. హ్యాండిల్ మాత్రం మావయ్య పట్టాలి.

"వాడెందుకు పడతాడే," అన్నాడు నాన్న.

"నువ్వు పడితే నీ చెయ్యే అంటాడు."

నాన్న నన్ను కొంచెం కొత్తగా చూశాడు. పరీక్షకు ముందు నేను ఫ్యానును ఇరుసుకు బిగించే నట్టు మీద నుంచి రెక్క మీదికి గోళ్ళ రంగుతో ఒక గీత గీశాను. కొన్ని మోటార్లలో ఫ్యాను మధ్య రబ్బరు ఊడిపోయి, గేరు బాగానే ఉన్నా ఫ్యాను జారుతుంది, చూసేవాళ్ళకు గేరే జారినట్టుంటుంది. అలా జారితే గీత రెండుగా విడిపోతుంది. ఇదీ పుస్తకంలోదే.

మావయ్య నవ్వుతూనే వచ్చాడు. కోడలు గుడివాడలో ఏదో పెద్ద పరీక్ష పాసయిందట, మనకు చెప్పలేదని ఒడ్డున ఉన్నవాళ్ళతో అన్నాడు. మా దగ్గర ఆడవాళ్ళు బోటెక్కరు. నేను గుంజ పక్కనే నిలబడ్డాను. మావయ్య గేరు వేసి ఇంజను తెరిచాడు. తాడు బిగుసుకుని నీళ్ళు చిమ్మింది, అమరం వెనక నురగ లేచింది. కాసేపు అలాగే నడిచింది. అప్పుడు ఒక్కసారిగా ఇంజను కీచుమని అరిచింది, తాడు వదులై నీళ్ళలో పడింది. మొగలో జరిగిందని నాన్న చెప్పిన శబ్దం నేను మొదటిసారి విన్నాను. మావయ్య పిడి వంక చూశాడు. పిడి ముందు గేరులోనే ఉంది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. మోటారు పైకెత్తి చూస్తే నా గీత ఎక్కడా విడిపోలేదు. అంటే ఫ్యాను రబ్బరు కాదు, గేరే.

మావయ్య ఇంజను ఆపి బోటు దిగాడు. ఓడిపోయినట్టు ఏమీ లేడు.

"సరే బావా, నా చేతిలోనూ జారింది. ఇప్పుడు నీ చెయ్యి కాదు. కానీ అరగదీసింది ఎవరు? ఇన్నేళ్ళు దీన్ని పట్టింది నువ్వే కదా."

మోటారు ఇంటికి తీసుకురమ్మన్నాను, చూస్తానన్నాను. మావయ్య నవ్వలేదు, చూడు కోడలా అన్నాడు. పగలగొట్టకు అని మాత్రం కలిపాడు.

మర్నాడు పెరట్లో మోటారును దుంగల మధ్య నిలబెట్టి, మొట్టమొదట ప్లగ్గు వైరు ఊడదీశాను. ఫ్యానును చేత్తో తిప్పేటప్పుడు ఇంజను అంటుకుంటే వేళ్ళుండవు. నాన్న ఎదురుగా పీట వేసుకు కూర్చున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే చూస్తోంది.

అరుగుదల సంగతి ముందు తేల్చుకోవాలనుకున్నాను, భయం అక్కడే ఉంది కాబట్టి. గేరు బాక్సు కింది మర విప్పి, లోపలి నూనెను అన్నం తినే స్టీలు పళ్ళెంలోకి దించాను. అమ్మ ఆ పళ్ళెం వంక చూసింది. నూనెలో నీళ్ళు కలిసి ఉంటే పాలలా తెల్లబడుతుంది. తెల్లబడలేదు. పళ్ళు విరిగి ఉంటే ఇనప పెచ్చులు దొరకాలి. పాడైపోయిన రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఆ నూనెలో తిప్పాను. బయటికి తీస్తే దాని మీద బూడిదరంగు పూత పల్చగా ఉంది, వేలితో తుడిస్తే పోయింది. అలాంటి పూత పాత మోటారులో మామూలేనని చదివాను. పెచ్చు ఒక్కటి కూడా లేదు. నాన్నకు చూపించాను. ఆయన వేలితో రాసుకుని చూసి, తల ఊపి, వేలు పంచెకు తుడుచుకున్నాడు.

తరవాత పిడి ముందుకు వేసి ఫ్యాను తిప్పాను. పట్టుకుంది. అయితే పిడి కింద ఒక గాడి ఉంటుంది, గేరు పూర్తిగా పడితే పిడి ఆ గాడిలో కూర్చుని టక్కుమనాలి. అలా కూర్చోలేదు, గాడి అంచు దగ్గరే నిలిచిపోయింది. వెనక గేరు వేశాను. అది టక్కుమని పడింది, పిడి చివరిదాకా వెళ్ళకముందే పడింది. న్యూట్రల్‌లో పెట్టి ఫ్యాను తిప్పాను. ఖాళీగా తిరగాల్సింది పోయి, లోపల ఏదో తగులుతున్నట్టు టిక్ టిక్ మంది. చెవి దగ్గర పెట్టి మళ్ళీ విన్నాను. సందేహం లేదు.

నా జీవితంలో ఒక సంగతి కళ్ళ ముందు విడిపోయి తేటగా కనిపించిన క్షణాలు కొన్నే ఉన్నాయి. అందులో అదొకటి. ముందు గేరు సగమే పడుతోంది. వెనక గేరు ముందుగానే పడుతోంది. న్యూట్రల్ వెనక గేరుకు రాసుకుంటోంది. మూడూ ఒకే మాట చెప్తున్నాయి. పిడి నుంచి గేరు బాక్సుకు వెళ్ళే రాడ్డు ఉండాల్సిన చోటు కంటే కాస్త పైన ఉంది. మా మోటారులో ఆ రాడ్డు కిందికి దిగితే ముందు గేరు, పైకి లేస్తే వెనక గేరు. అది కాస్త పొట్టిదైనట్టు పైకి జరిగితే ఈ మూడు లక్షణాలూ వస్తాయి. పళ్ళ అరుగుదలే అయితే న్యూట్రల్ ఇలా ఒక పక్కకు ఒరగదు.

"రాడ్డు పొట్టిది కాదు కదా," అన్నాడు నాన్న.

"పొట్టిదైనా కావాలి, వంకర అయినా పోయుండాలి."

ఆ రాడ్డు మోటారు కాలికి ముందు వైపు, బయటికి కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో ఒక మర దాని పొడుగును సరిచేస్తుంది. ఆ మర తిరిగిపోయిందేమోనని చూశాను. పాత రంగు మర మీదా రాడ్డు మీదా ఒకటిగా పట్టి ఉంది, ఎక్కడా చిట్లలేదు. మర కదలలేదు. అప్పుడు నాన్నను వల అల్లే ట్వైను దారం అడిగి, రాడ్డు పొడుగునా బిగించి పట్టాను. పైనా కిందా దారం రాడ్డుకు ఆనింది. మధ్యలో సందు కనిపించింది, బియ్యపు గింజ దూరేంత. కళ్ళతో చూస్తే తిన్నగా ఉన్న రాడ్డు దారం పక్కన వంకరైపోయింది. ఇన్నేళ్ళు మా వంటగది పక్కనే నిలబడి ఉంది, ఎవరికీ కనపడలేదు.

పుస్తకం అక్కడితో ఆగిపోయింది. రాడ్డు రాయికి తగిలి వంగొచ్చని ఉంది. కానీ మా దగ్గర రాళ్ళెక్కడివి, అంతా ఒండ్రూ ఇసకే. పైగా వంపు బయటి వైపుకు ఉంది, ఏదో తగిలినట్టు కాకుండా ఎవరో తమ వైపుకు లాగినట్టు. ఆ వంపు లోపలి వైపు రంగు పోయి ఇనుము నున్నగా మెరుస్తోంది. రోజూ ఏదో ఒరుసుకుంటేనే ఇనుము అలా మెరుస్తుంది.

నేను తల తిప్పి గోడకు వేలాడుతున్న మోత తాడు వంక చూశాను. మోటారును కర్రకు కట్టే తాడు అది. కాలికీ రాడ్డుకూ మధ్య ఉన్న సందులో ఆ తాడు దూర్చి కట్టేవాళ్ళు. అక్కడ కడితే తాడు జారదు, బరువు రెండు వైపులా సమానంగా ఉంటుంది, కట్టడానికే ఆ సందు పెట్టారేమో అన్నట్టుంటుంది. మా పేటలో మోటార్లు మోసేవాళ్ళు అందరూ అలాగే కట్టేవాళ్ళు. మొట్టమొదట అలా కట్టి చూపించింది మా నాన్న. బోటు మీద చూపించని ప్రేమంతా మోటారు మీద చూపించి, ఇంటికి తెచ్చి మంచినీళ్ళు పోసి పసుపు రాసేవాళ్ళం. అలా ఇంటికి తెచ్చే దారిలోనే, ఒక్కొక్క మోతకూ కొంచెం కొంచెంగా, దాన్ని వంచుతున్నాం.

అక్కడ కాసేపు ఆగాను. మర కాస్త తిప్పితే రాడ్డు పొడుగు సరిపోతుంది. మర వదులైంది, బిగించానని మావయ్యకు చెప్తే కథ అయిపోతుంది, నాన్న పేరు ఎక్కడా రాదు. కానీ తాడు మళ్ళీ అదే చోట పడుతుంది, రాడ్డు మళ్ళీ వంగుతుంది, ఈసారి మొగలో అణియంలో తెడ్డు పట్టుకుని ఎవరుంటారో తెలియదు. తాడు తీసుకొచ్చి నాన్న చేతికిచ్చాను. నాన్నా, ఒకసారి కట్టు అన్నాను.

ఆయన అలవాటు ప్రకారం సందులో దూర్చి ముడి వేశాడు. తాడు సరిగ్గా మెరుస్తున్న చోట కూర్చుంది. ఆయన చేతులు ముడి మీదే ఆగిపోయాయి. నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. "వాణ్ణి పిలు," అన్నాడు.

మావయ్య వచ్చేసరికి నాన్న ముడి విప్పకుండా అలాగే ఉంచాడు. తానే దారం పట్టి చూపించాడు. ఎవరు కట్టిన ముడో చెప్పాడు. మావయ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, రాడ్డు వెంట చాలాసేపు చూశాడు.

"ముడి నీదే బావా," అన్నాడు చివరికి.

"నాదే. ముందు కర్ర మోసింది ఎవరురా?"

"నేనే."

"నేను వద్దన్నా పరిగెత్తేవాడివి. ఊపుకు తాడు గుంజేది."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మావయ్య మెడ రుద్దుకుంటూ నవ్వాడు. పొయ్యి దగ్గర నుంచి అమ్మ, అయితే ఇద్దరూ కలిసి పాడుచేశారన్నమాట, అంది.

మర వదులు చేసేముందు దాని పైన ఎన్ని మరచుట్లు కనిపిస్తున్నాయో గుర్తు పెట్టుకున్నాను, తిరిగి అక్కడికే రావాలి కదా. రాడ్డు విడదీశాక దాన్ని తిన్నగా చేసింది నాన్న. లంగరు కొంకులు సరిచేసే మనిషికి అది పెద్ద పని కాదు. దుంగ మీద పెట్టి చెక్క సుత్తితో తడుతూ, ప్రతి దెబ్బకూ దారం పెట్టి చూసుకున్నాడు. తిరిగి బిగించి, గ్రీజు రాసి, గేరు బాక్సులో కొత్త నూనె పోశాం. పిడి ముందుకు వేశాను. గాడిలోకి వెళ్ళి టక్కుమని కూర్చుంది. న్యూట్రల్‌లో ఫ్యాను నిశ్శబ్దంగా తిరిగింది. నాన్న ఆ నిశ్శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పి విన్నాడు.

గేరు టక్కున వేయాలన్న సంగతి కూడా అప్పుడే చెప్పాను. రాడ్డు వంకరకు ఆయన బాధ్యత ఒప్పుకున్నంత తేలికగా దీన్ని ఒప్పుకోలేదు. దాన్ని కొట్టినట్టుంటుందమ్మా అన్నాడు. మెల్లగా వేస్తేనే దానికి దెబ్బ అని చెప్పాను. లోపలి పళ్ళ అంచులు కొంచెం అరిగే ఉంటాయి, విప్పలేదు కాబట్టి ఎంతో చెప్పలేను. అందుకే ఇకనుంచైనా ఒక్క ఊపులో వేయమన్నాను. పెరట్లోనే సాయంత్రం దాకా పిడి ముందుకూ వెనక్కూ వేసి అలవాటు చేసుకున్నాడు. ప్రతిసారీ మొహం చిట్లించేవాడు.

గుంజకు కట్టి మళ్ళీ పరీక్షించాం. తాడు బిగుసుకుని అలాగే ఉండిపోయింది, ఇంజను గొంతు మారలేదు. చాలన్నా మావయ్య ఆపలేదు, కిరసనాయిలు వాసన ఒడ్డంతా నిండేదాకా నడిపాడు. అప్పటికి అమావాస్య ఇంకా రాలేదు. అమరం మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. కానీ గుంజ పరీక్ష వేరు, మొగ వేరు. అది అందరికీ తెలుసు.

మర్నాడు తెల్లవారుతుండగా నేను, అమ్మ మొగ దగ్గరి ఇసుక దిబ్బ మీదికి వెళ్ళాం. బోటు ఇవతలే ఆగి ఉంది. అమరంలో నాన్న, అణియంలో తెడ్డు పట్టుకుని మావయ్య. నాన్న అలల వంక చూస్తూ కూర్చున్నాడు, ఒక వరస పోనిచ్చాడు, ఇంకొకటి పోనిచ్చాడు. పెద్ద అల విరగ్గానే ఆయన భుజం ఒక్క ఊపు ఊగింది. గేరు పడ్డ శబ్దం దిబ్బ మీదికి కూడా వినిపించింది. ఇంజను గొంతు పెరిగింది. నేను కళ్ళు మూసుకుని ఆ గొంతునే వింటున్నాను, అది కీచుగా మారితే కళ్ళతో చూడక్కర్లేదు. అల ఎక్కేటప్పుడు బరువుగా మూలిగింది, దిగేటప్పుడు తేలికైంది, మళ్ళీ ఎక్కింది. కీచుమనలేదు. కళ్ళు తెరిచేసరికి బోటు అవతలి నీళ్ళలో ఉంది. మావయ్య తెడ్డు బోటులో అడ్డంగా పడేసి వెనక్కి తిరిగి నాన్నతో ఏదో అంటున్నాడు. ఏమన్నాడో మాకు వినపడలేదు, నాన్న మాత్రం నవ్వుతున్నాడు.

ఆ మధ్యాహ్నం మోటారు ఎప్పటిలాగే ఇంటికొచ్చింది. కొత్త పద్ధతి ప్రకారం తాడు రాడ్డు జోలికి పోకుండా, మోటారును బోటుకు బిగించే ఇనప పట్టీకి కట్టారు. అక్కడ కడితే బరువు సమానంగా పడదు, తల వైపు వెనక్కి వాలుతుంది, వెనక కర్ర మోసేవాడి భుజం కుంగిపోతుంది. నాన్న అలవాటుగా వెనక కర్ర అందుకోబోయాడు. మావయ్య ఆయన్ని పక్కకు తప్పించి, కర్ర తన భుజం మీదికి ఎత్తుకున్నాడు.

"నువ్వు ముందు నడు బావా. పరిగెత్తకు."